నేర్చుకోవడం కూడా డ్యూటీయే

(గచ్చిబౌలిలో ఇచ్చిన స్మారక ఉపన్యాసం పాఠం)



ఈ ఉపన్యాసం ఎవరి స్మృతిలో ఏర్పాటైందో ఆమె పూర్తి పేరు ఆహ్వాన పత్రికలో ఉంది. అయితే ఆమె దగ్గర పని నేర్చుకున్నవాళ్లెవరూ ఆమెను పేరుతో పిలిచి ఎరుగరు. అందరికీ ఆమె మేడమే. నేనూ అలాగే అంటాను. ప్రభుత్వ ఆసుపత్రిలోని నర్సింగ్ స్కూల్లో ఏళ్ల తరబడి పాఠాలు చెప్పి రిటైరయ్యాక, మాదాపూర్, గచ్చిబౌలి ప్రాంతంలో కొత్తగా లేచిన ఆసుపత్రుల్లో నర్సింగ్ ఎడ్యుకేటర్‌గా ఆమె మళ్లీ వార్డుల్లోకి వచ్చారు. క్లాసురూంలో ఆమె కనిపించింది తక్కువ. మంచాల మధ్య కనిపించిందే ఎక్కువ.

ఉదయం ఎనిమిదికి డ్యూటీ మారే వేళ ఆమె మంచం పక్కన నిలబడి, "ఈయనకు నిన్న పొటాషియం ఎందుకు ఆపారమ్మా?" అని అడిగేవారు. జవాబు రాకపోతే కోప్పడేవారు కారు. చార్టు చూసుకుని మధ్యాహ్నంలోగా వచ్చి చెప్పమనేవారు. అక్కడితో వదిలేవారూ కారు. రెండు వారాలు గడిచి, ఆ పేషెంట్ డిశ్చార్జి అయి ఇంటికి వెళ్లిపోయాక, క్యాంటీన్ దగ్గర ఎదురుపడితే అదే ప్రశ్న మళ్లీ వేసేవారు. అప్పటికి గుర్తున్నదే నేర్చుకున్నదని ఆమె లెక్క.

ఆ అలవాటు వెనక ఉన్న శాస్త్రం ఏమిటో, మన రాష్ట్రంలో, మన ఊళ్లో అది ఎక్కడ ఫలించిందో, ఎక్కడ మనం దానికి చోటు పెట్టలేదో మీకు చెప్పాలని వచ్చాను. నా మాట ఒక్కటే. ఆసుపత్రిలో నేర్చుకోవడాన్ని డ్యూటీలో భాగంగా లెక్కించాలి. డ్యూటీ అయ్యాక మిగిలిన ఓపికతో నేర్చుకోమన్నంత కాలం, నేర్చుకోనిదాని నష్టాన్ని మంచం మీది మనిషి భరిస్తూ ఉంటాడు.

పాఠాన్ని పరీక్షకు పెట్టిన ఊరు

హైదరాబాద్‌లో ఆధునిక వైద్యవిద్య 1846లో మొదలైంది. రెసిడెన్సీ సర్జన్ విలియం క్యాంప్‌బెల్ మాక్లీన్ ఆధ్వర్యంలో ఏర్పడిన హైదరాబాద్ మెడికల్ స్కూలే తర్వాత ఉస్మానియా మెడికల్ కాలేజీ అయింది. తొలినాళ్లలో అక్కడి చదువు ఉర్దూలో సాగింది. 1885లో ఆ స్కూలు బాధ్యతలు చేపట్టిన ఎడ్వర్డ్ లారీ ఎడిన్‌బరోలో చదివిన సర్జన్. క్లోరోఫాం ఇచ్చేటప్పుడు నాడి చూస్తూ కూర్చోవద్దని, ఊపిరినే కనిపెట్టుకుని ఉండాలని అక్కడి గురువుల దగ్గర నేర్చుకున్నాడు. తన విద్యార్థులకూ అదే నేర్పాడు.

నేర్పి ఊరుకోలేదు. తన పాఠం సరైనదో కాదో తేల్చడానికి నిజాం ప్రభుత్వం ఖర్చుతో 1888లో ఒకటి, 1889లో మరొకటి, రెండు క్లోరోఫాం కమిషన్లు నడిపించాడు. రెండోసారి లాన్సెట్ పత్రిక తరఫున లండన్ నుంచి లాడర్ బ్రంటన్ అంతటివాడు హైదరాబాద్ వచ్చి ప్రయోగాల్లో పాల్గొన్నాడు. ఆ స్కూల్లోనే చదువుకున్న రూపాబాయి ఫర్దూన్జీ క్లోరోఫాం ఇవ్వడంలో ఆరితేరి, మత్తు వైద్యంలో ప్రపంచంలోని తొలి మహిళల్లో ఒకరిగా చరిత్రకెక్కింది.

క్లోరోఫాం ముందు ఊపిరిని ఆపుతుందని, గుండెను నేరుగా ఆపదని కమిషన్ తేల్చింది. ఆ తీర్పు నిలవలేదు. క్లోరోఫాం మత్తు పలచగా ఉన్నప్పుడే గుండె లయ తప్పి ప్రాణం పోవచ్చని 1911లో ఇంగ్లండ్‌లో గుడ్‌మన్ లెవీ నిరూపించాడు. ఊపిరి చూడమన్న మాట మంచిదే. నాడిని పట్టించుకోనక్కర్లేదన్న మాట ప్రమాదకరమైనది. రెండూ ఒకే గురువు నోట, ఒకే నమ్మకంతో వచ్చాయి.

ఈ కథలో నాకు రెండు సంగతులు ముఖ్యం. నేర్పేచోటే పరిశోధన జరగాలన్న ఆలోచన ఈ ఊరికి కొత్త కాదు. రెండోది, గురువు ఎంత గొప్పవాడైనా ఆయన పాఠం పరీక్షకు నిలబడాలి. కొత్త మందు వాడాలంటే ఇవాళ మనం ఎన్నో దశల పరీక్షలు అడుగుతాం. ఆ మందును చేతికిచ్చి పేషెంట్ దగ్గరకు పంపే మనిషిని తయారుచేసే పద్ధతిని మాత్రం ఏ పరీక్షా లేకుండా, మాకు ఇలాగే చెప్పారు కాబట్టి మేమూ ఇలాగే చెబుతాం అని నడిపిస్తున్నాం.

రోడ్డుకు ఆ పక్క, ఈ పక్క

1998 నవంబరు 22న ప్రధాని వాజ్‌పేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. ఆ తర్వాత పావు శతాబ్దంలో రాళ్లగుట్టల మధ్య ఐటీ నగరం లేచింది. దాని వెంటే ఆసుపత్రులూ వచ్చాయి. కొండాపూర్ నుంచి నానక్‌రామ్‌గూడ దాకా ఇవాళ రోడ్డుకు ఒక పక్క సాఫ్ట్‌వేర్ కంపెనీ ఉంటే ఇంకో పక్క ఆసుపత్రి ఉంటుంది. రెండింటిలోనూ పనిచేసేది ఎక్కువగా ఇరవైలలో ఉన్న పిల్లలే.

ఆ పక్క పెద్ద కంపెనీలో చేరిన ఇంజనీరుకు మొదట నెలల తరబడి శిక్షణ ఉంటుంది. ఆ నెలల్లోనూ జీతం వస్తుంది. నేర్చుకోవడమే అప్పుడు అతని ఉద్యోగం. పరీక్ష పాసయ్యాక ప్రాజెక్టులో వేస్తారు. వేశాక కూడా అతను రాసిన కోడ్‌ను సీనియర్ ఒకరు చూడనిదే ముందుకు పోదు. కొత్త టెక్నాలజీ వస్తే ఆఫీసు వేళల్లోనే మళ్లీ కూర్చోబెట్టి నేర్పుతారు. శిక్షణ లేని చేతికి పని అప్పగిస్తే క్లయింటు పోతాడని కంపెనీకి తెలుసు.

ఈ పక్కకు రండి. రాత్రి ఎనిమిదికి డ్యూటీ ఎక్కిన నర్సు ఉదయం ఎనిమిదికి దిగాలి. హ్యాండోవర్ ముగిసేసరికి ఎనిమిదిన్నర దాటుతుంది. తొమ్మిదికి కాన్ఫరెన్స్ రూంలో ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ మీద క్లాసు. తెర మీద స్లైడ్లు మారుతుంటాయి, ఏసీ చల్లదనానికి కళ్లు మూతలు పడుతుంటాయి. చివర్లో రిజిస్టర్ చేతులు మారుతుంది. పేరు, ఎంప్లాయీ నంబరు, సంతకం. గుర్తింపు తనిఖీకి వచ్చినవాళ్లకు ఆ రిజిస్టర్ చూపిస్తారు. ఆ అమ్మాయి హాస్టల్‌కు చేరి పడుకునేసరికి పదకొండు అవుతుంది. రాత్రి ఎనిమిదికి మళ్లీ డ్యూటీ. సెంట్రల్ లైన్ డ్రెస్సింగ్ మార్చే ముందు ఆమె చేతులు ఎలా శుభ్రం చేసుకుంటోందో ఆ రిజిస్టర్‌లో ఎక్కడా ఉండదు.

ఇది ఏ ఒక్క ఆసుపత్రి సంగతీ కాదు. నిబంధనలే మనకు గంటలు లెక్కపెట్టడం నేర్పాయి. డాక్టరు అయిదేళ్లలో 30 గంటల వృత్తివిద్య పూర్తిచేయాలని 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నియమావళి చెబుతోంది. నర్సుకు అయిదేళ్లలో 150 గంటలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్క. గంటలు ఉండాల్సిందే. కానీ గంట కూర్చున్న మనిషి గంట నేర్చుకున్నట్టు కాదు. ఏం మిగిలిందో చూసే ఏర్పాటు లేని శిక్షణకు హాజరు ఒక్కటే ఫలితం.

పరిశోధన తేల్చినవి

నేర్చుకోవడం మీద నూరేళ్లకు పైగా పరిశోధన జరుగుతోంది. అందులో వైద్యవిద్యకు అతి దగ్గరగా ఉన్నవి మూడు నాలుగు చెబుతాను.

2006లో అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు విద్యార్థులకు కొన్ని వ్యాసాలు ఇచ్చారు. కొందరిని మళ్లీ చదవమన్నారు. ఇంకొందరిని పుస్తకం మూసి గుర్తున్నది రాయమన్నారు. అయిదు నిమిషాల తర్వాత చూస్తే మళ్లీ చదివినవాళ్లు ముందున్నారు. వారం తర్వాత చూస్తే, పుస్తకం మూసి గుర్తుచేసుకున్నవాళ్లు ముందుకొచ్చారు. పరీక్ష ముందురోజు రాత్రి చదువు తెల్లారి పనికొచ్చి నెల తిరిగేసరికి ఎందుకు మాయమవుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

2009లో లార్సెన్, బట్లర్, రోడిగర్ ఇదే విషయాన్ని డాక్టర్ల దగ్గర పరీక్షించారు. శిశువైద్యం, అత్యవసర వైద్యంలో రెసిడెంట్లకు రెండు జబ్బుల మీద పాఠం చెప్పారు. ప్రతి ఒక్కరూ ఒక జబ్బు గురించి విడతలవారీగా చిన్న చిన్న పరీక్షలు రాశారు, రెండోదాన్ని అదే విడతల్లో మళ్లీ చదువుకున్నారు. ఆరునెలలు దాటాక చూస్తే, పరీక్షలు రాసిన జబ్బులో వాళ్లకు సగటున 39 శాతం, చదువుకున్న జబ్బులో 26 శాతం మార్కులు వచ్చాయి. మనిషి ఒక్కరే, గురువు ఒక్కరే, తేడా నేర్చుకున్న తీరులో ఉంది. క్యాంటీన్ దగ్గర మేడం మళ్లీ వేసిన ప్రశ్న ఈ 13 శాతం తేడాలోదే.

తెలియడం వేరు, చేయడం వేరు అన్న సంగతిని 1990లో జార్జి మిల్లర్ నాలుగు మెట్లుగా విడదీశాడు. విషయం తెలుసు, ఎలా చేయాలో తెలుసు, చేసి చూపించగలరు, రోజూ పనిలో చేస్తున్నారు. మన రాత పరీక్షలు మొదటి రెండు మెట్ల దగ్గరే తిరుగుతాయి. మూడో మెట్టును కొలవడానికి 1975లోనే స్కాట్లండ్‌లోని డండీలో రొనాల్డ్ హార్డెన్ కొత్త పద్ధతి తెచ్చాడు. విద్యార్థి ఒక స్టేషన్ నుంచి ఇంకో స్టేషన్‌కు వెళుతూ ఒకచోట బీపీ చూస్తాడు, ఒకచోట రోగి వేషం వేసినవారితో మాట్లాడతాడు, పరీక్షకుడు ముందే రాసుకున్న పట్టిక ప్రకారం మార్కులు వేస్తాడు. అదే ఆస్కీ. అది మన కాలేజీల్లోకీ వచ్చింది. నాలుగో మెట్టు, అంటే ఎవరూ చూడని వేళ, రాత్రి మూడు గంటలకు ఆ నర్సు, ఆ జూనియర్ డాక్టరు ఏం చేస్తున్నారన్నది, ఇంకా మన కొలతల్లోకి రాలేదు.

ఇక చేతిపని విషయం. గుండె ఆగినప్పుడు ఛాతీని నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 సెంటీమీటర్లకు తగ్గకుండా, 6కు మించకుండా నొక్కాలని ఇక్కడున్న అందరికీ తెలుసు. శిక్షణ పొందిన మూడు నుంచి ఆరు నెలల్లోనే ఆ లోతు, ఆ వేగం తప్పిపోతాయని పరిశోధనలు పదేపదే చూపించాయి. మన సర్టిఫికెట్ రెండేళ్లు చెల్లుతుంది. చేతి జ్ఞాపకం ఆరునెలలు కూడా నిలవదు. అందుకే అమెరికన్ హార్ట్ అసోసియేషన్ మూడు నెలలకోసారి వార్డులోనే, బొమ్మ మీద, కొద్ది నిమిషాల సాధన చేయించే పద్ధతి తెచ్చింది. దానికి కాన్ఫరెన్స్ రూం అక్కర్లేదు. డ్యూటీ మధ్యలో కాసేపు, ఒక బొమ్మ, పక్కన నిలబడి చూసే ఒక మనిషి ఉంటే చాలు.

మన దగ్గరే ఉన్న ఉదాహరణలు

ఇదంతా విదేశాల సంగతి అనుకోవద్దు. నేర్చుకోవడాన్ని పనిలో భాగం చేసినచోట ఏం జరుగుతుందో మన రాష్ట్రంలోనే మూడుచోట్ల చూడవచ్చు.

మొదటిది ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి. అమెరికాలో పనిచేస్తూ తిరిగొచ్చిన డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో దాన్ని స్థాపించారు. 1996లో ఆదిలాబాద్ వైపు ముధోల్‌లో గ్రామీణ కంటి ఆసుపత్రి తెరిచారు. 1996 నుంచి 2000 దాకా ఆ సంస్థ నడిపిన ఆంధ్రప్రదేశ్ కంటి జబ్బుల సర్వేలో పదివేల మందికి పైగా పరీక్షలు చేశారు. కంటిశుక్లంతోపాటు, ఒక జత అద్దాలతో సరిపోయే దృష్టిలోపం కూడా అంధత్వానికి పెద్ద కారణమని అందులో తేలింది. అద్దాలు రాయడానికి ప్రతి ఊరికీ కంటి డాక్టరు వెళ్లలేడు. అందుకని ఇంటర్ చదివిన స్థానిక యువతీయువకులను తీసుకుని ఏడాదిపాటు శిక్షణ ఇచ్చి విజన్ టెక్నీషియన్లుగా తయారుచేశారు. సుమారు 50 వేల జనాభాకు ఒక విజన్ సెంటర్, అందులో ఒక విజన్ టెక్నీషియన్. చూపు పరీక్షించడం, అద్దాలు ఇవ్వడం, తన చేతిలో లేనిదాన్ని గుర్తుపట్టి పైఆసుపత్రికి పంపడం ఆ టెక్నీషియన్ పని.

ఈ ఏర్పాటులో నేను మెచ్చేది ఆ చివరి అంశాన్ని. ఏది తనకు తెలియదో తెలుసుకోవడాన్ని అక్కడ పాఠంగా నేర్పారు. పైకి పంపిన రోగి విషయంలో తన అంచనా సరిపోయిందో లేదో పైవాళ్ల నుంచి తెలిసే దారి ఉంటే, ప్రతి రెఫరల్ చీటీ ఒక పాఠమే.

రెండోది 108. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో అంబులెన్సులు కదిలాయి. అంబులెన్సులో రోగి పక్కన కూర్చునేది ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్. అప్పటిదాకా మన దేశంలో ఆ ఉద్యోగం గురించి తెలిసినవాళ్లే తక్కువ. మేడ్చల్ దారిలోని దేవరయాంజాల్ ప్రాంగణంలో ఆ మనుషులను తయారుచేశారు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వైద్యులు పాఠ్యక్రమానికి, బోధనకు తోడ్పడ్డారు. బండి నడుస్తుండగానే టెక్నీషియన్ కాల్‌సెంటర్‌లోని డాక్టరుతో ఫోన్‌లో మాట్లాడుతూ చికిత్స చేస్తాడు. రోగిని ఆసుపత్రిలో దించేశాక అక్కడితో మరిచిపోరు. 48 గంటల తర్వాత ఫోన్ చేసి మనిషి ఎలా ఉన్నాడో కనుక్కునే ఏర్పాటు పెట్టారు. అత్యవసర వైద్యంలో పనిచేసేవాళ్లకు తమ చేతుల మీదుగా వెళ్లిన మనిషి బతికాడో లేదో సాధారణంగా తెలియదు. తెలియకపోతే నేర్చుకునేది ఏమీ ఉండదు. ఆ ఫోన్ కాల్‌ను రోగి క్షేమం కోసమే కాక టెక్నీషియన్ చదువు కోసం కూడా వాడుకోవచ్చు.

మూడోది ప్రసవాలు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లు. ఆ సర్వేలో ఇంత ఎక్కువ శాతం దేశంలో ఇంకే రాష్ట్రంలోనూ లేదు. సహజ ప్రసవానికి ఓపికగా పక్కనుండే నైపుణ్యం మన ఆసుపత్రుల్లో సన్నగిల్లింది. ఆ నైపుణ్యాన్ని తిరిగి నిలబెట్టడానికి హైదరాబాద్‌లోని ఫెర్నాండెజ్ ఆసుపత్రి డాక్టర్ ఎవిటా ఫెర్నాండెజ్ ఆధ్వర్యంలో 2011లోనే మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది. 2017లో తెలంగాణ ప్రభుత్వం, యునిసెఫ్, ఫెర్నాండెజ్ కలిసి ప్రభుత్వ నర్సులకు 18 నెలల శిక్షణ ప్రారంభించాయి. 2018లో కేంద్రం దేశమంతటికీ మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు విడుదల చేసింది. గమనించాల్సింది ఆ 18 నెలలను. ఉద్యోగంలో ఉన్న నర్సును ఏడాదిన్నరపాటు నేర్చుకునే పనిలో పెట్టారు. ఆదివారం క్లాసులతో సరిపెట్టలేదు. గంటల కొద్దీ నొప్పులు పడుతున్న తల్లి నడుము రాస్తూ, పిండం గుండె చప్పుడు వింటూ, ఇప్పుడు ఆగాలా, డాక్టరును పిలవాలా అని తేల్చుకోవడం ప్రసవ గదిలో, అనుభవమున్నవాళ్ల పక్కన నిలబడితేనే వస్తుంది.

మంచం పక్కన మాట

ఈ ఐటీ కారిడార్ ఆసుపత్రుల్లో కేరళ నుంచి, ఒడిశా నుంచి, ఈశాన్య రాష్ట్రాల నుంచి వచ్చిన నర్సులున్నారు. ఇంగ్లీషు మీడియంలో ఎల్‌కేజీ నుంచి చదివిన మన పిల్లలున్నారు. మంచం మీద మాత్రం పాలమూరు నుంచి, మెదక్ నుంచి వచ్చిన పెద్దమనిషి ఉంటాడు. "పానం మంచిగ లేదు సారూ" అంటాడాయన. విద్యార్థి కేసు షీటులో 'జనరల్ వీక్‌నెస్' అని రాసుకుని పక్క మంచానికి వెళ్లిపోతాడు. మేడం అదే మంచం దగ్గర కూర్చుని, "ఎప్పటినుంచి పెద్దయ్యా? నడిస్తే ఎట్లుంటది?" అని అడిగితే, "నాలుగు మెట్లెక్కితే దమ్మొస్తది, ఛాతిల పట్టేసినట్టయితది, కూసుంటే తగ్గుతది" అని మొత్తం చెప్పేస్తాడు. ఆ మూడు ముక్కల్లోనే గుండెజబ్బు ఉంది.

రోగి భాషలో అడగడం, విన్నదాన్ని వైద్యంలోకి మార్చుకోవడం పుట్టుకతో వచ్చే గుణం కాదు. నేర్పితే వచ్చే నైపుణ్యం. 2019 బ్యాచ్ నుంచి ఎంబీబీఎస్‌లో సామర్థ్య ఆధారిత పాఠ్యక్రమం వచ్చింది. మొదటి ఏడాది ఫౌండేషన్ కోర్సులో స్థానిక భాష, ఆ తర్వాత నడవడిక, నైతికత, సంభాషణల మీద ప్రత్యేక మాడ్యూల్ పెట్టారు. మంచి పని. దాన్ని ఆస్కీలో తెలుగు స్టేషన్‌గా పెట్టి మార్కులిస్తేనే విద్యార్థి పట్టించుకుంటాడు. ఏది పరీక్షలో ఉంటుందో దాన్నే విద్యార్థి చదువుతాడు. దానికి అతన్ని తప్పుపట్టి లాభం లేదు.

శిక్షణ ఒక్కటే చాలదు

నేను చెప్పే వాదానికి ఎదురు నిలిచే ఒక పరిశోధనను కూడా మీ ముందు పెట్టాలి. ఉత్తరప్రదేశ్‌లోని 120 ప్రభుత్వ ప్రసవ కేంద్రాల్లో బెటర్‌బర్త్ అనే పెద్ద అధ్యయనం జరిగింది. సగం కేంద్రాల్లో నర్సుల పక్కన నిలబడి, ప్రసవ సమయంలో పాటించాల్సిన చెక్‌లిస్టును అలవాటు చేశారు. రెండు నెలలకు ఆ కేంద్రాల్లో నర్సులు చేయాల్సిన పనుల్లో 73 శాతం చేస్తున్నారు, మిగతాచోట 42 శాతమే. శిక్షకులు వెళ్లిపోయాక, పన్నెండో నెలలో ఆ 73 కాస్తా 62కు దిగింది. తల్లీబిడ్డల మరణాల్లో మాత్రం రెండు వర్గాల మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు. 2017లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి.

దీన్ని బట్టి శిక్షణ దండగ అనేవాళ్లున్నారు. నాకు అలా అనిపించదు. పక్కనుండి నేర్పితే పని మారుతుంది, ఆ మనిషి వెళ్లిపోతే మళ్లీ వెనక్కి జారుతుంది, చేతులు మారినా మందులు, రక్తం, సకాలంలో పైఆసుపత్రికి పంపే బండి లేకపోతే ప్రాణం నిలవదు. ఈ మూడూ దాని నుంచి నేర్చుకోవాలి. ఒక నర్సు చూడాల్సినదానికి రెట్టింపు మంచాలు అప్పగించి, తర్వాత ఆమెకు కమ్యూనికేషన్ స్కిల్స్ మీద వర్క్‌షాప్ పెడితే తప్పు ఆమె మీదికి నెట్టినట్టే అవుతుంది.

ఇక్కడ జరగాల్సిన పరిశోధన

తెలంగాణలో 2022 నవంబరు 15న ఎనిమిది, 2023 సెప్టెంబరు 15న తొమ్మిది ప్రభుత్వ మెడికల్ కాలేజీలు ఒకేసారి తరగతులు మొదలుపెట్టాయి. జిల్లా జిల్లాకూ కాలేజీ వచ్చిందంటే సంతోషమే. ఇన్ని సీట్లకు నేర్పే గురువులు ఎక్కడి నుంచి వస్తారు, వాళ్లకు నేర్పడం ఎవరు నేర్పుతారు అన్న ప్రశ్న సీట్లతోపాటే వచ్చింది. వైద్యవిద్య మీద మూడు రోజుల ప్రాథమిక కోర్సు అధ్యాపకులకు ఉంది. అది మొదటి మెట్టు. మూడు రోజుల్లో ఎవరూ గురువు కారు. నర్సింగ్, ఫిజియోథెరపీ, ల్యాబ్, ఎమర్జెన్సీ టెక్నీషియన్ల గురువులకు ఆ పాటి ఏర్పాటు కూడా అన్నిచోట్లా లేదు. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం ఫిజియోథెరపిస్టులను, ల్యాబ్, ఎమర్జెన్సీ టెక్నీషియన్లను వృత్తినిపుణులుగా గుర్తించింది. వాళ్ల చదువునూ అదే గౌరవంతో చూడాలి.

మన దగ్గర చేయాల్సిన పరిశోధనకు కోట్లు అక్కర్లేదు. మూడు నెలలకోసారి బొమ్మ మీద సాధన చేసిన వార్డుకు, రెండేళ్లకోసారి సర్టిఫికెట్ తెచ్చుకునే వార్డుకు ఛాతీ నొక్కే లోతులో తేడా ఎంత? ఒక క్రమం ప్రకారం హ్యాండోవర్ చెప్పడం నేర్పాక రాత్రి డ్యూటీకి అందకుండా పోయే సమాచారం తగ్గిందా? తెలుగు స్టేషన్‌లో పాసైన విద్యార్థి వార్డులో రోగిని మెరుగ్గా అడుగుతున్నాడా? ఇవి ఏ ఆసుపత్రైనా, ఏ కాలేజీ ఎడ్యుకేషన్ యూనిటైనా చేయగలిగినవి. ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకోవాలి. పాల్గొన్న నర్సు, విద్యార్థి పేర్లు బయటికి రాకూడదు. ఫలితం వాళ్ల ఉద్యోగానికో, మార్కులకో ముడిపడకూడదు. లేకపోతే ఎవరూ తమ తప్పు చూపించరు, తప్పు కనపడని చోట నేర్చుకునేదీ ఉండదు.

తోడు కావాలంటే దూరం వెళ్లనక్కర్లేదు. గచ్చిబౌలిలోనే 1974లో ఏర్పడిన హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఉంది, అందులో మెడికల్ సైన్సెస్ విభాగం ఉంది. 1998 నుంచి ట్రిపుల్ ఐటీ ఉంది. కొలతలు, గణాంకాలు, రికార్డింగ్ పరికరాలు వాళ్లకు చేతనవును. పేషెంట్లు, గురువులు, విద్యార్థులు మన దగ్గరున్నారు. ఆ విద్యాసంస్థలూ మన ఆసుపత్రులూ ఒకే రోడ్డు మీద ఉండి కూడా ఒకరి గుమ్మం ఒకరు ఎక్కడం అరుదు. ఇది మారాలి.

మనవి

ఆసుపత్రుల యాజమాన్యాలకు నా మొదటి మనవి. రోస్టర్ వేసేటప్పుడే ప్రతి నర్సుకూ, టెక్నీషియన్‌కూ, జూనియర్ డాక్టరుకూ వారంలో ఒక గంట నేర్చుకోవడానికి రాయండి. ఆ గంటకు జీతం ఇవ్వండి, ఆమె మంచాలు ఆ గంట ఇంకొకరికి అప్పగించండి. రోడ్డుకు ఆ పక్క కంపెనీలు ఇరవై అయిదేళ్లుగా చేస్తున్నదే ఇది. నైట్ డ్యూటీ దిగిన మనిషిని క్లాసులో కూర్చోబెట్టడం ఈ ఏడాదితో మానేయండి.

కౌన్సిళ్లకు, విశ్వవిద్యాలయాలకు రెండో మనవి. గంటల లెక్కతోపాటు ఆరునెలల తర్వాత ఏం మిగిలిందో అడిగే ఏర్పాటు చేయండి. నేర్పడం బాగా చేసే అధ్యాపకుడికి, నేర్పే తీరు మీద పరిశోధన చేసే నర్సుకు ప్రమోషన్‌లో విలువ ఇవ్వండి.

గురువులకు మూడో మనవి. మీ పాఠం ఎంతవరకు నిలిచిందో మీరే కొలవండి. నిలవకపోతే విద్యార్థిని తిట్టకండి, పద్ధతి మార్చండి.

చివరగా, విద్యార్థులారా, మీరు ఎవరి కోసమూ ఆగనక్కర్లేదు. రేపు పొద్దున హ్యాండోవర్‌లో మీ పక్కనున్నవాళ్లను నిన్నటి పేషెంట్ గురించి ఒక్క ప్రశ్న అడగండి. రెండు వారాలయ్యాక అదే మళ్లీ అడగండి. మిమ్మల్నీ అడగనివ్వండి. మేడం స్మారక నిధికి మీరు ఇవ్వగల చందా అదే.